మూడో కూతకు పదకొండు

ఆ ఆదివారం పొద్దున ఎనిమిది గంటల నలభై నిమిషాలకు మా కుక్కర్ మూడో కూత వేసింది. ముందు గదిలో పేపరు చదువుతున్న మా ఆయన తలెత్తకుండా "పదకొండు" అన్నారు. నేను వెళ్లి స్టవ్ ఆపేశాను.

ఇందులో మాకు విడ్డూరమేమీ లేదు. కూతల్ని బైనరీలో లెక్కపెట్టడం మేం ఉప్పల్‌లో ఇల్లు కట్టుకోవడం కంటే పాత అలవాటు. మొదటి కూత ఒకటి, రెండోది పది, మూడోది పదకొండు. నాలుగోది వంద, కానీ వంద దాకా వెళ్తే మా కందిపప్పు చెడుతుంది. సున్నా, ఒకటి అనే రెండంకెలతో లోకంలోని లెక్కలన్నీ రాయొచ్చు. మనిషికి పది వేళ్లుండటం వల్ల మాత్రమే మనం పదుల్లో లెక్కపెడుతున్నాం. అదొక ప్రమాదం. యంత్రాలకు ఆ ప్రమాదం జరగలేదు. పెళ్లైన కొత్తలో ఆయన నాతో చెప్పిన సరసమైన మాటలు ఇవి.

ఆయన ప్రభుత్వానికి చెందిన ఒక ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో ఇంజనీరు. నేను ఘట్‌కేసర్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లైబ్రేరియన్‌ని. లైబ్రరీలో పుస్తకాల నంబర్లు దశాంశాలతో నడుస్తాయి. రెండు పుస్తకాల మధ్యకు ఎన్ని కొత్త పుస్తకాలొచ్చినా, చుక్క తర్వాత ఇంకో అంకె వేసి చోటు ఇవ్వొచ్చు. ఆయనకు చుక్కలంటే గిట్టదు. "ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. మధ్యలో ఈ నసుగుడు ఎందుకు?" అనేవారు. కూర ఎలా ఉందని అడిగినా అదే పద్ధతి. బాగుంటే "ఒకటి". రెండో జవాబు వచ్చిన రోజుల గురించి నేను రాయబోవడం లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఆఫీసు పని మీద సింగపూర్ వెళ్లొచ్చిన ఒక సహోద్యోగి చేత ఆయన గ్రాఫింగ్ కాలిక్యులేటర్ తెప్పించుకున్నారు. అరచేతిలో ఇమడదు. పైన రెండు అగ్గిపెట్టెలంత తెర. సమీకరణం కొడితే దాని తాలూకు వంకరగీతను ఆ తెర మీద గీసి చూపిస్తుంది. దాన్ని తయారుచేసిందే అందుకు. మా ఆయన దాని చేత ఒక్క గీత కూడా గీయించలేదు. ఆయనకు కావలసింది అందులో ఒక మూలనున్న చిన్న సదుపాయం. ఒక బటన్ నొక్కితే మన అంకెను బైనరీలోకి మారుస్తుంది. ఇంకోటి నొక్కితే హెక్స్‌లోకి, అంటే పదహారుల లెక్కలోకి. ఆ లెక్కలో తొమ్మిది తర్వాత పది రాదు, ఎ వస్తుంది. తర్వాత బి, సి, డి, ఇ, ఎఫ్. అవన్నీ అయ్యాక, మన పదహారు దగ్గర, వాళ్లు పది అని రాస్తారు.

"టైము చూసుకోవడానికి రైల్వే స్టేషన్ కొన్నట్టుంది" అన్నాను. ఆయనకు కోపం రాలేదు. ఎఫ్‌కు ఒకటి కలిపి చూసుకుంటున్నారు.

ఆఫీసులో మాత్రం దాంతో నిజంగానే పనుండేది. వాళ్లు తయారుచేసే కంట్రోల్ కార్డుల అంచున ఎనిమిది బుల్లి స్విచ్చులు వరసగా ఉంటాయి. ప్రతి కార్డుకూ ఒక నంబరు. ఆ నంబర్ని బైనరీలో రాసి, ఒకటి ఉన్నచోట స్విచ్చి పైకి, సున్నా ఉన్నచోట కిందికి పెట్టాలి. ఒక్క స్విచ్చి తప్పితే ఆ కార్డు ఎవర్నో పిలిస్తే తను పలుకుతుంది. దసరాకు నాచారం షెడ్లలో లేత్ మిషన్లకు బొట్టు పెట్టినట్టు, మా ఆయన ఏటా దాని మూతకు కుంకుమబొట్టు పెట్టేవారు. నా చీరల బీరువా తాళం ఎక్కడుందో ఆయనకు ఎప్పుడూ తెలియలేదు గానీ, దాని బ్యాటరీలు ఎక్కడున్నాయో తెలుసు.

ఒకసారి నేనూ దాన్ని వాడాను. లైబ్రరీకి కొత్తగా వచ్చిన డెబ్బై అయిదు పుస్తకాలను రెండు బీరువాలకు పంచాలి. సగమెంతని అడిగితే "3ఎ" అని చూపించింది. ఆయన దాన్ని హెక్స్‌లో వదిలేశారు.

"అందులో డెబ్బై అయిదంటే నూట పదిహేడు" అని ఓపిగ్గా చెప్పారు. "సగం యాభై ఎనిమిదిన్నర. ఆ మోడ్‌లో అరలు ఉండవు కాబట్టి యాభై ఎనిమిది. అంటే 3ఎ."

"ఆ అర ఎక్కడికి పోయింది?"

"ఎక్కడికీ పోలేదు. లేదంతే."

పుస్తకాలను నేను చేత్తోనే పంచుకున్నాను.

కింది వాటాలో జనగామ వైపు నుంచి వచ్చినావిడ ఉండేది. అంగన్‌వాడీ టీచరు. ఒకరోజు కుక్కర్ ఇంకా స్టవ్ మీద ఉండగానే నాకు బస్సు టైమైపోయింది. కాస్త చూసి ఆపేయమని ఆమెకు చెప్పి ఉప్పల్ రింగ్‌రోడ్డుకు పరిగెత్తాను. ఎన్ని కూతలని ఆమె మా ఆయన్ని అడిగింది. ఆయన కాలిక్యులేటర్‌లోంచి తల తీయకుండా "పదకొండు" అన్నారు. ఆమె మర్యాదస్తురాలు. పదకొండూ లెక్కపెట్టింది.

సాయంత్రం నేను మెట్లెక్కుతుంటే ఎదురొచ్చింది.

"అక్కా, మీ ఆంధ్రోళ్లు పప్పు తింటరా, గోడలకు పూస్తరా?"

"ఏమైంది?"

"పదకొండు కూతలన్నడు సార్. నాకు జర అనుమానమే అచ్చింది. గని గంత సదువుకున్నాయన చెప్పిండు గదా అని సూస్కుంట నిలవడ్డ. ఏడో కూతకే మాడు వాసన. ఇంక నాలుగు కావాలె గదా అని ఊకున్న."

"మూడమ్మా. పదకొండంటే మూడు."

ఆమె నన్ను పైనుంచి కిందదాకా చూసింది. "ఇద్దరికీ ఉన్నదా అక్కా ఇది? సార్‌కొక్కడికే అనుకున్న."

మొదట్లో చెప్పిన ఆదివారం పప్పు లాలాపేట్‌కు. అక్కడ మా తమ్ముడింట్లో అమ్మ ఉండేది. అప్పటికి ఎనభై నాలుగేళ్లు. పప్పు నా చేతిదైతేనే తినేది, తిని అందులో ఉప్పు తక్కువని చెప్పేది. ఆమెకు ఒకే కోరిక మిగిలింది. నా పెళ్లి చూడటం.

నా పెళ్లికి రెండు రోజుల ముందు అమ్మకు ఆటలమ్మ పోసింది. ముహూర్తం మార్చుదామంటే మగపెళ్లివారి పురోహితుడు మళ్లీ ఆరు నెలల దాకా మంచిరోజు లేదన్నాడు. ఆ ఆరు నెలల్లో ఊళ్లో ఎన్ని పెళ్లిళ్లు జరిగాయో తర్వాత మేమే చూశాం. అమ్మను పక్కింటివాళ్ల కొట్టుగదిలో వేపాకుల మధ్య పడుకోబెట్టి, పిన్నీ బాబాయీ పీటల మీద కూర్చుని కన్యాదానం చేశారు. మేళం గట్టిగా మోగినప్పుడు తాళి కడుతున్నారనుకుని అమ్మ పడుకున్న చోటే దండం పెట్టింది. అది ఎవరో పెద్దమనిషి కారు దిగినందుకు వాయించారట. అసలు తాళి కట్టే వేళకు ఆమె జ్వరంతో నిద్రపోయింది.

మగవాడికి అరవై నిండితే షష్టిపూర్తి చేస్తారు. ఆలుమగల్ని మళ్లీ పీటల మీద కూర్చోబెట్టి మళ్లీ తాళి కట్టిస్తారు. ఆ తాళి చూద్దామని అమ్మ ముప్పై ఏళ్లకు పైగా కాచుకుంది. వచ్చే ఆగస్టులో ఆయనకు అరవై. అమ్మ తన గాజు ఒకటి కరిగించి రెండు పుస్తెలు చేయించింది. ఆ ఆదివారం భోజనాలయ్యాక డబ్బీ మూత తీసి ఆయన ముందు పెట్టింది.

"అల్లుడుగారూ, శ్రావణంలో ముహూర్తం చూడమంటాను మరి."

మా ఆయన పుస్తెల్ని చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అరవై ఏం అంకెండీ అత్తయ్యగారూ?" అన్నారు.

"అంకె కాకపోతే ఏమిటి బాబూ?"

సంచీలోంచి కాలిక్యులేటర్ బయటికొచ్చింది. అది లేకుండా ఆయన లాలాపేట్ కూడా వెళ్లరు. "చూడండి. హెక్స్‌లో అరవై అంటే మూడు, సి. బైనరీలో నాలుగు ఒకట్లు, రెండు సున్నాలు. ఇందులో పూర్తయిందేముంది? అదే అరవై నాలుగు చూడండి. ఒకటి, పక్కన ఆరు సున్నాలు. హెక్స్‌లో సరిగ్గా నలభై. పూర్తి అంటే అదీ."

అమ్మ కళ్లు చికిలించి తెరవైపు చూసింది. "సున్నాలు ఎక్కువుంటే మంచిదా?"

"అరవై నాలుగుకు చేసుకుందాం. మాట ఇస్తున్నాను."

"అప్పటికి నేనుండొద్దూ?"

"మీకేమండీ. ఎనభై నాలుగంటే హెక్స్‌లో యాభై నాలుగే."

"మరి నాకు రెండు కళ్లకూ శుక్లాలు ఎందుకు తీశారు బాబూ?"

మా తమ్ముడు పొలమారి వంటింట్లోకి వెళ్లిపోయాడు. అమ్మ నవ్వలేదు. డబ్బీ మూత పెట్టి మంచం కిందికి తోసింది.

తిరిగొస్తూ లాలాపేట్ ఫ్లైఓవర్ మీద స్కూటర్ వెనక నుంచి అడిగాను. "పదిమందిలో కూర్చోవడానికి సిగ్గని చెప్పొచ్చుగా?"

"సిగ్గు కాదు. సిద్ధాంతం."

తలంబ్రాలు పోస్తుంటే ఆయన రెండు కళ్లూ గట్టిగా మూసుకున్న ఫోటో మా ఇంట్లో ఉంది. సిద్ధాంతం అప్పటికే ఏర్పడిందన్నమాట.

ఆగస్టులో అరవై నిండాయి. ఆఫీసువాళ్లు స్టేజీ ఎక్కించి, దండ వేసి, శాలువా కప్పి, గోడ గడియారం చేతిలో పెట్టి ఇంటికి పంపేశారు. అక్కడ సిద్ధాంతం అడ్డు రాలేదు. ఇంట్లో నేను సేమ్యా పాయసం చేశాను. "ఒకటి" అన్నారు. మర్నెలకల్లా నాచారం పారిశ్రామికవాడలో ఒక షెడ్డులో చేరి మళ్లీ అవే కార్డులకు అవే స్విచ్చులు పెట్టుకోసాగారు.

తెలంగాణ కోసం బంద్‌లు జోరుగా జరుగుతున్న రోజులవి. బంద్ నాడు బస్సులుండవు, కాలేజీ ఉండదు, నాచారంలో షెడ్లకు తాళాలు. కింద ఆవిడ పొద్దున్నే ర్యాలీకి బయల్దేరుతూ మెట్ల దగ్గర నిలబడి కేకేసేది.

"అక్కా, ఇయ్యాల బయటికి రాకున్రి. సార్‌కు గూడ చెప్పున్రి. బంద్ అంటే బందే, అండ్ల వేరే లెక్క లేదని."

ఇల్లు దాటే వీల్లేని ఇద్దరం చేయగలిగింది పోట్లాట. నేను అరవై గురించి ఇంకా సణుగుతూనే ఉన్నాను. అది నా అజ్ఞానమని ఆయన తేల్చారు. "నీకు ఈ లెక్కలు రాక బాధపడుతున్నావు. వస్తే బాధ ఉండదు" అని, బంద్ ఉన్నప్పుడల్లా నాకు పాఠం చెప్పడం మొదలుపెట్టారు. భార్య దుఃఖానికి గణితం మందని నమ్మినవారు ఆయనకు ముందు ఎవరైనా ఉన్నారేమో నాకు తెలియదు. నా లైబ్రరీలో అయితే ఆ పుస్తకం లేదు.

పద్ధతి కఠినం. ముందు కాగితం మీద అంకెను రెండుతో భాగించుకుంటూ పోవాలి. ప్రతిసారీ మిగిలిన ఒకటినో సున్నానో పక్కన వేసుకుని, ఆఖర్న కింది నుంచి పైకి చదవాలి. అప్పుడే కాలిక్యులేటర్‌లో సరిచూసుకోవాలి. కాగితం మీద తేలకముందే దాన్ని ముట్టుకుంటే, చెప్పులతో గుళ్లోకొచ్చినట్టు చూసేవారు. నేను నేర్చుకున్నాను. బైనరీని కుడి చివర నుంచి నాలుగేసి అంకెలుగా విడదీస్తే ఒక్కో ముక్కా ఒక్కో హెక్స్ అంకె అవుతుందని తెలిసిన రోజున నాకు సంతోషమే వేసింది. ఆయనకు చెప్పలేదు. చెప్తే ఆయన పెట్టే మొహం నాకు తెలుసు.

"అరవై మూడు కొట్టు" అన్నారు ఒకరోజు.

కొట్టాను. తెర మీద వరసగా ఆరు ఒకట్లు.

"చూశావా, ఎక్కడా ఖాళీ లేదు. ఇంకొక్కటి కలుపు."

కలిపాను. ఆరూ సున్నాలయ్యాయి. వాటికి ఎడమపక్కన కొత్తగా ఒక ఒకటి వచ్చింది.

ఆయన మొహం చూశాను. అది సిగ్గుకు సాకు వెతుక్కుంటున్న మనిషి మొహం కాదు. ఆయనకు ఆ అంకె నిజంగానే బాగుంది. అన్నాళ్లూ సాకు అనుకున్నాను కాబట్టి పోట్లాడగలిగాను. ఇలాంటి దానితో ఎవరైనా ఎలా పోట్లాడతారు?

ఉగాది వచ్చింది. వికృతి నామ సంవత్సరం పోయి ఖర నామ సంవత్సరం మొదలైంది. టీవీలో సిద్ధాంతిగారు మొత్తం దేశానికి వర్షాలు పంచుతున్నారు. నేను పచ్చడికి మామిడికాయ తరుగుతూ, ఆయన వేపపువ్వు ఏరుతూ వింటున్నాం. నాకు ఒక్కసారిగా తట్టింది. కత్తిపీట పక్కన పెట్టాను.

"మీరు పుట్టిన సంవత్సరం పేరేమిటి?"

"వికృతి. మా అమ్మ చెప్పేది. ఎందుకు?"

"మళ్లీ వికృతి ఎప్పుడొచ్చింది?"

"నిరుడు. నిన్నటిదాకా అదేగా."

"అంటే ఎన్నేళ్లకు తిరిగొచ్చింది?"

"అరవై" అని, ఏదో జరగబోతోందని తెలిసి వేపపువ్వు పళ్లెం కింద పెట్టారు.

"మీ హెక్స్ పదహారు దగ్గర సున్నాకు తిరుగుతుంది. పంచాంగం అరవై దగ్గర తిరుగుతుంది. గోడ మీద మీ ఆఫీసువాళ్లిచ్చిన గడియారం కూడా అంతే. షష్టిపూర్తి పెట్టినవాళ్లు అరవైల లెక్కలో పెట్టారు. వాళ్లకు మీ అరవై అంటే ఒకటి, పక్కన సున్నా. మీరు దాన్ని తీసుకెళ్లి పదహారుల లెక్కలో చూసి గుండ్రంగా లేదన్నారు. తప్పు మోడ్‌లో చూశారు."

ఆయన లేచి కాలిక్యులేటర్ తెచ్చుకున్నారు. మోడ్ బటన్ నొక్కారు. బైనరీ వచ్చింది, తర్వాత ఎనిమిదుల లెక్క, మన పదుల లెక్క, హెక్స్. మళ్లీ బైనరీ వచ్చింది. ఇంకోసారి అన్నీ తిప్పి చూశారు.

"దీన్లో అరవైకి మోడ్ లేదు."

"కొనేటప్పుడు చూసుకోవాల్సింది."

టీవీలో ధనూరాశి వాళ్లకు ఆదాయవ్యయాలు చెప్పడం కూడా అయిపోయింది. "నువ్వన్నది రైటే" అన్నారు చివరికి. "ఈ మాట నిరుడు చెప్పి ఉంటే శ్రావణంలో పీటల మీద కూర్చునేవాణ్ణి."

"నిరుడు నాకు బైనరీ రాదు కదండీ."

అలా నేను ఆయన మీద జీవితంలో గెలిచిన ఏకైక వాదం, వికృతి వెళ్లిపోయిన మర్నాడు గెలిచాను. ఇప్పుడైనా చేసుకుందామన్నాను. "ఇప్పుడు నీ లెక్కా కాదు, నా లెక్కా కాదు. అరవై నాలుగుకని అత్తయ్యగారికి మాటిచ్చాను. ఆ ఒక్క లెక్కే మిగిలింది" అన్నారు.

అక్కణ్ణుంచి మేమంతా భయపడింది అమ్మ అప్పటిదాకా ఉంటుందా అని. ఎవరూ పైకి అనలేదు గానీ, లాలాపేట్ నుంచి వేళ కాని వేళ ఫోన్ వస్తే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లం. అమ్మ మాత్రం నిక్షేపంగా ఉంది. అల్లుడి లెక్క ఆమెకు నచ్చింది. ఒకసారి బీపీ చూపించడానికి తీసుకెళ్తే నర్సు వయసు అడిగింది.

"యాభై ఏడు" అంది అమ్మ.

నర్సు నావైపు చూసింది. "ఆమెకు యాభై ఏడైతే మరి మీకెంతమ్మా?"

"దానికి ముప్పై తొమ్మిదో ఎంతో" అంది అమ్మ. "మా అల్లుణ్ణి అడగండి, సరిగ్గా చెప్తాడు."

అరవై నాలుగో పుట్టినరోజుకు ఇంకా ఆరేడు నెలలుండగా ఆయన పీర్జాదిగూడలో ఒక ఫంక్షన్ హాలు చూసొచ్చారు. మైకు వద్దు, వీడియో వద్దు, దండలు చిన్నవి చాలు అని నా చేత ముందే ఒప్పించుకున్నారు. హాలు ఎలా ఉందని అడిగితే "సున్నా" అన్నారు. స్టేజీ బాగా ఎత్తట. కింద కుర్చీలో కూర్చున్న ముసలావిడకు చేతులు కనబడతాయి గానీ తాళి కనబడదట. ఆయన ఒక కుర్చీ వేసుకుని కింద కూర్చుని, మేనేజరును స్టేజీ మీద కూర్చోబెట్టి, తాళి కట్టినట్టు ముడి వేయించి చూశారట. పీటలు నేల మీదే వేయాలని, మొదటి కుర్చీ అత్తయ్యగారిదని ఆ మేనేజరుకు చెప్పి ఒప్పించి వచ్చారు. మేనేజరు చేతిలో ముడి వేయడానికి ఏమిచ్చారో నేను అడగలేదు.

ఆ ఎండాకాలం మొదట్లో ఒక మంగళవారం మధ్యాహ్నం నాచారంలో కుర్చీలోంచి లేవబోయి పడిపోయారు. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. షెడ్డువాళ్లు ఆయన సంచీ తెచ్చిచ్చారు. అన్నం డబ్బా మూత తీయలేదు. కాలిక్యులేటర్ తెర ఆరిపోయి ఉంది. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే దానంతట అదే ఆరిపోతుంది. ఆన్ చేస్తే చివరగా కొట్టిన అంకె కనబడుతుందని ఎవరో అన్నారు. నేను చేయలేదు. అందులో ఉండేది ఏదో కార్డు నంబరు. దాంట్లో నాకు చెప్పాల్సింది ఏమీ ఉండదు.

అరవై మూడేళ్లు. ఆరు ఒకట్లు.

పరామర్శకు వచ్చినవాళ్లు కాఫీ తాగారు. షష్టిపూర్తి ఘనంగా చేసుకున్నారా అని అడిగారు. లేదన్నాను. "ప్చ్. అరవైలో గండం ఉంటుందనేగా శాంతి చేయించుకోమంటారు" అంది ఒకావిడ. ఎప్పుడు చేయించుకోవాలో తెలిసిన మనుషులు, ఎప్పుడు చెప్పాలో మాత్రం తెలియనివాళ్లు. గ్లాసులు తీయడానికి వచ్చిన కింద ఆవిడ జవాబిచ్చింది.

"ఏందమ్మా గది? శాంతి జేస్కున్నోళ్లు అందరు బతికే ఉన్నరా? ఒక్కర్ని సూపియ్యి, మొక్కుత."

పదో రోజున తాళి తీసే తంతు. ఆయన తరఫు పెద్దావిడ ఒకరు అన్నీ నడిపిస్తున్నారు. అమ్మను లాలాపేట్ నుంచి తీసుకొచ్చి ముందు గదిలో కుర్చీలో కూర్చోబెట్టారు. నన్ను లేవమని చెప్పి, ఆ పెద్దావిడ అమ్మ దగ్గరికెళ్లి మెల్లగా అన్నారు.

"వదినగారూ, కన్నతల్లి ఇది చూడకూడదు. మీరు కాసేపు లోపలి గదిలో పడుకోండి."

"పడుకోను" అంది అమ్మ.

"ఆచారమండీ."

"కట్టినప్పుడు కొట్టుగదిలో పడుకోబెట్టారు. తీసేటప్పుడు లోపలి గదిలో పడుకోమంటారు. నా కూతురి మెళ్లో అది పడటం నేను చూడలేదు. తీయడానికి మీరెవరు?"

"పెద్దవారు మీరే ఇలా అంటే ఎలా వదినగారూ?"

"నేనేం పెద్ద? నాకు యాభై ఎనిమిది."

గదిలో అందరూ అమ్మవైపు జాలిగా చూశారు. దుఃఖంతో మతి పోయిందనుకున్నారు. కింద ఆవిడ ఒక్కతే గుమ్మం దగ్గర నిలబడి, "కరెక్టే. సార్ లెక్కల అంతే" అంది. దాంతో ఇద్దరికి పోయిందనుకున్నారు. అమ్మ కుర్చీ జరుపుకుని నా పక్కకొచ్చి కూర్చుంది. పెద్దావిడ పురోహితుడికి టైమవుతోందని గుర్తుచేసుకుని, మిగతా తంతు కానిచ్చేశారు. తాళి నా మెడలోనే ఉండిపోయింది.

అమ్మ లాలాపేట్ వెళ్లలేదు. నా దగ్గరే ఉండిపోయింది. రాష్ట్రం వచ్చిన రోజు కింద ఆవిడ మిఠాయి డబ్బా తెచ్చింది. మా ఇంట్లో ఏడాది మైల తీరలేదని గుమ్మంలోనే ఆగిపోయి, "మీరేం ఫికర్ జెయ్యకున్రి అక్కా, మీరు ఏడికీ పోవుడు లేదు" అంది. ఎక్కడికైనా పోతామని నేను అనుకోలేదు. మిఠాయి అమ్మ తింది.

ఆ తర్వాత ఒక పొద్దున స్నానానికి వెళ్లబోతూ తాళి నేనే తీసి బీరువాలో పెట్టాను. అమ్మ మంచం మీద కూర్చుని చూసింది.

జులైలో పీర్జాదిగూడ హాలు మేనేజరు ఫోన్ చేశాడు. నేల మీద పీటలు వేయమన్న సార్ ఉన్నారా, పూలవాళ్లు అడుగుతున్నారు అన్నాడు. తారీఖు వేరేవాళ్లకు ఇచ్చేయమన్నాను.

ఆగస్టులో ఆ రోజు రానే వచ్చింది. అమ్మకు తారీఖులు గుర్తుండవు గానీ అది గుర్తుంది. పొద్దున్నే డబ్బీ తెరిచి పుస్తెల్ని అరచేతిలో వేసుకుని కూర్చుంది. నేను కుక్కర్ పెట్టి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను.

"ఇవేం చేద్దామే?"

"నీ గాజు నువ్వు చేయించుకో."

"ఒక్క గాజు ఏం వేసుకుంటాను? నీకు దిద్దులు చేయిస్తాలే." పుస్తెల్ని మళ్లీ డబ్బీలో వేసింది. "ఇవాళ్టికి ఆయనకెంత?"

"అరవై నాలుగు."

"అది కాదే. ఆయన లెక్కలో."

"నలభై."

అమ్మ డబ్బీ మూత నొక్కింది. "చిన్నవాడే" అంది.

కుక్కర్ మూడో కూత వేసింది. నేను లేచి వెళ్లి స్టవ్ ఆపేశాను. మా ఇంట్లో కూతల్ని ఇప్పుడు ఎవరూ పైకి లెక్కపెట్టడం లేదు.